అంచనా తప్పిన కేసు నుంచి ఏమి నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి?

ఏరియా ఆసుపత్రిలో పనిచేస్తున్న ఒక యువ వైద్యురాలు అడిగిన ప్రశ్న ఇది. ఆరు రోజులుగా జ్వరంతో ఉన్న వ్యవసాయ కూలీ ఒకామె, ఊళ్లో ఆర్‌ఎంపీ చేయించిన వైడాల్ (టైఫాయిడ్‌కు చేసే రక్తపరీక్ష) రిపోర్టు పట్టుకుని వచ్చి చేరింది. టైఫాయిడ్ అనుకుని, బ్లడ్ కల్చర్‌కు (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) పంపి, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటిబయాటిక్ మొదలుపెట్టారు. మూడో రోజుకు ప్లేట్‌లెట్లు 80 వేలకు పడిపోయాయి, కాలేయ ఎంజైములు పెరిగాయి, జ్వరం తగ్గలేదు. ఇవన్నీ టైఫాయిడ్‌లోనూ ఉంటాయి కదా అనుకున్నారు. ఐదో రోజు ఆయాసం మొదలవడంతో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ రొమ్ము కింది మడతలో నల్లటి పక్కు కనిపించింది, చిగ్గర్ అనే చిన్న పురుగు కుట్టిన గుర్తు. ఆ పురుగు వల్ల సోకే జ్వరం అది. స్క్రబ్ టైఫస్. డాక్సీసైక్లిన్ అనే యాంటిబయాటిక్‌తో ఆమె కోలుకుంది. "ఎవరైనా అలాగే అనుకునేవారని తోటి వైద్యులు ఓదారుస్తున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. ఇంకా ఎక్కువ చదవాలా? ఇలాంటి తప్పుల నుంచి నేర్చుకుని నా నిర్ణయాలను మెరుగుపరచుకోవడం ఎలా? ఆ రోజు నుంచి ఏ జ్వరం కేసు చూసినా చేయి ఆడడం లేదు" అని ఆమె అడుగుతున్నారు.

డాక్టరు గారూ, ఆమె కోలుకుంది కదా, ఇక వదిలేయండి అని ఎవరు చెప్పినా వినకండి. అయితే, మీరు తప్పు జరిగిందనుకుంటున్న చోట తప్పు లేదు. ముందు అది తేల్చుకోవాలి. తప్పును వేరే చోట వెతికితే, దొరికే పాఠం కూడా మరో రోగికి చేటు చేస్తుంది.

చేరిన రోజు టైఫాయిడ్ అనుకోవడంలో నాకు దోషం కనిపించడం లేదు. మన ప్రాంతంలో ఆరు రోజుల జ్వరానికి అది న్యాయమైన మొదటి అంచనా. జ్వరాల వార్డులో ఎంత అనుభవం ఉన్నవారికైనా మొదటి అంచనాలు తప్పుతూనే ఉంటాయి. రోగం ఇంకా పూర్తిగా బయటపడని దశలో మనం ఊహిస్తాం కాబట్టి అది తప్పదు. అసలు మలుపు మూడో రోజు ఉదయం వచ్చింది. అప్పటికి మీ చేతిలో మూడు కొత్త సంగతులున్నాయి. జ్వరం దిగలేదు. సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది, నిజమే. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. టైఫాయిడ్‌లో పడిపోవచ్చు, అదీ నిజమే. కాలేయ ఎంజైములు పెరిగాయి. దానికీ టైఫాయిడ్ చాలు. ఒక్కొక్కదానికి విడివిడిగా మీరు చెప్పుకున్న సమాధానంలో అబద్ధం లేదు. కానీ ఆ మూడూ కలిసి ఒక ప్రశ్న అడుగుతున్నాయి, ఆ ప్రశ్నను మీరు వినలేదు. వచ్చిన ప్రతి కొత్త సంగతినీ పాత నిర్ధారణలోకి సర్దేశారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు పంతం పట్టడం వేరు. మీరు పంతం పట్టలేదు, ఆ సర్దుబాటు జరుగుతున్నట్టే మీకు తెలియలేదు. అందుకే ఇది మరింత ప్రమాదం.

ఇంకా చదవాలా అన్న ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. 2005లో అమెరికాలో మార్క్ గ్రేబర్, ఆయన సహచరులు జనరల్ మెడిసిన్‌లో రోగనిర్ధారణ తప్పిన 100 కేసులను విడదీసి చూశారు. వైద్యుడికి విషయం తెలియకపోవడం వల్ల తప్పినవి అందులో తక్కువే. ఆలోచనలో జరిగిన లోపాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది ఏమిటంటే, ఒక నిర్ధారణ కుదిరినట్టు అనిపించగానే మిగతా అవకాశాలను చూడడం మానేయడం. మీకు స్క్రబ్ టైఫస్ తెలుసు. పరీక్షలో అడిగితే చిగ్గర్ పురుగు దగ్గర్నుంచి డాక్సీసైక్లిన్ మోతాదు దాకా రాసి ఉండేవారు. చదువు ఎప్పుడూ మంచిదే, కానీ ఈ తప్పుకు మందు అది కాదు.

వైడాల్ రిపోర్టు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ పరీక్ష 1896 నాటిది. టైఫాయిడ్ ఎప్పుడూ ఉండే మనలాంటి ప్రాంతాల్లో, ఎప్పుడో వచ్చి పోయిన ఇన్ఫెక్షన్ వల్లా, టీకా వల్లా, వేరే జ్వరాల వల్లా కూడా అది పాజిటివ్ చూపగలదు. ఒక్క రిపోర్టుతో తేలేది చాలా తక్కువ. ఇది మీకు తెలియనిది కాదు. అయితే ఆ కాగితం మీ ఆలోచనను ఏమి చేసిందో గమనించండి. ఆమె మంచం మీద పడుకునే సరికే 'ఈ జ్వరం ఏమిటి' అనే ప్రశ్న పోయి 'టైఫాయిడ్‌కు ఏ మందు' అనే ప్రశ్న మిగిలింది. నిర్ధారణ మీరు చేయలేదు, అది రోగితోపాటు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఆర్‌ఎంపీ నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి మీ దగ్గరకు, మీ దగ్గర నుంచి పట్నానికి ఒక రోగం పేరు చేతులు మారుతున్న కొద్దీ గట్టిపడుతుంది. మొదట రాసిన మనిషికి ఎంత అనుమానం ఉండేదో రెండో మనిషికి తెలియదు. రెఫరల్ చీటీలో 'టైఫాయిడ్' అని ఉంటుంది, 'టైఫాయిడ్ కావచ్చు, నాకు సగమే నమ్మకం' అని ఉండదు.

ఇక ఎలా నేర్చుకోవాలన్నది. తప్పుల నుంచి నేర్చుకోవడానికి అన్నిటికన్నా పెద్ద అడ్డంకి మన జ్ఞాపకం. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ పర్యటనలకు వెళ్లబోయే ముందు, ఏయే పరిణామాలకు ఎంత అవకాశం ఉందో చెప్పమని బరూక్ ఫిషాఫ్, రూత్ బేత్ ఇజ్రాయెల్‌లో విద్యార్థులను అడిగి రాయించుకున్నారు. పర్యటనలు ముగిశాక, మీరు అప్పట్లో ఏమి చెప్పారో గుర్తు చేసుకుని రాయమన్నారు. జరిగిన సంఘటనల విషయంలో, తాము నిజంగా చెప్పినదానికన్నా ఎక్కువ అవకాశం ఉందని చెప్పినట్టు వాళ్లకు 'గుర్తుకొచ్చింది'. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఫలితం తెలిశాక పాత ఆలోచనను మనసు తనంతట తానే దిద్దేస్తుంది.

ఇప్పుడు మీకు జరుగుతున్నదీ అదే. 'పక్కు కోసం వెతకాలని అంత స్పష్టంగా కనిపిస్తుంటే నేనెలా వదిలేశాను' అని మీరు అనుకుంటున్నారు. మూడో రోజు ఉదయం అది స్పష్టంగా లేదు. పెద్దాసుపత్రి నుంచి కబురు వచ్చాక స్పష్టమైంది. కొందరిలో ఇదే దిద్దుబాటు రెండో వైపు నడుస్తుంది, 'నాకు అప్పుడే అనుమానం వచ్చింది' అంటారు. ఒకరు తమను అన్యాయంగా నిందించుకుంటారు, మరొకరు అన్యాయంగా క్షమించుకుంటారు. ఇద్దరికీ పాఠం అందదు, ఎందుకంటే ఇద్దరి దగ్గరా అసలు ఆలోచన తాలూకు ఆనవాలే లేదు.

కాబట్టి రాయండి. ఫలితం తెలియకముందే రాయండి. నా దగ్గర పీజీ విద్యార్థులకు నేను మొదట చెప్పేదీ, చివరిదాకా పట్టుబట్టేదీ ఇదొక్కటే. జేబులో పట్టే పుస్తకం చాలు. రోగి పేరు వద్దు, మీకు మాత్రమే అర్థమయ్యే గుర్తు చాలు. చేర్చుకున్నప్పుడు నా అంచనా ఏమిటి, పదికి ఎంత నమ్మకం, ఇది కాకపోతే తర్వాతి అవకాశం ఏది, ఏది కనిపిస్తే నా మనసు మార్చుకుంటాను, మళ్లీ ఎప్పుడు మొదటి నుంచి చూస్తాను. రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఓపీ రోజు అందరికీ కుదరదు, వార్డులో చేరిన వారికైనా రాయండి.

వీటిలో చాలామంది తేలిగ్గా తీసుకునేదీ, నిజానికి అన్నిటికన్నా కష్టమైనదీ మనసు మార్చుకునే షరతు. మీ కేసులో 'జ్వరం తగ్గకపోతే మళ్లీ ఆలోచిస్తాను' అని రాసి ఉంటే అది పనికొచ్చేది కాదు. మూడు రోజులకు టైఫాయిడ్‌లోనూ తగ్గదు, స్క్రబ్ టైఫస్‌లో ఆ మందుకు అసలే తగ్గదు. రెండింటినీ విడదీయని షరతు ఎన్నిసార్లు నెరవేరినా మీకేమీ చెప్పదు. పైగా సెఫ్ట్రియాక్సోన్ మీకు తప్పుడు ఓపికనిచ్చింది. 'ఇంకా రెండు రోజులు చూద్దాం' అనడానికి పాఠ్యపుస్తకమే అనుమతి ఇస్తోంది. అదే 'కల్చర్‌లో ఏమీ పెరగకుండా ప్లేట్‌లెట్లు లక్ష దిగితే, లేదా ఆయాసం మొదలైతే, ఇది టైఫాయిడ్ కాదనుకుని తల నుంచి పాదం దాకా మళ్లీ చూస్తాను' అని రాసి ఉంటే, మూడో రోజు ఉదయం ఆ వాక్యమే మిమ్మల్ని మంచం దగ్గరకు నడిపించేది. షరతు రాసేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: నా రెండో అంచనా నిజమైతే కనిపించేదీ, మొదటిది నిజమైతే సాధారణంగా కనిపించనిదీ ఏమిటి?

మన అంచనాకు ఎదురు తిరిగే సంగతి ఏది కనిపించినా అప్పటికప్పుడు రాసుకోవాలి. చార్లెస్ డార్విన్ ఏళ్ల తరబడి పాటించిన నియమం ఇది. తన నిర్ధారణలకు వ్యతిరేకంగా ఏ సంగతి కనిపించినా వెంటనే రాసిపెట్టుకునేవాడినని, అనుకూలమైన వాటికన్నా అవే తొందరగా జ్ఞాపకం నుంచి జారిపోతాయని అనుభవం మీద తెలుసుకున్నానని ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నారు.

పదికి ఎంత నమ్మకం అని అంకె ఎందుకు వేయమంటున్నానో కూడా చెబుతాను. వాతావరణ శాఖ వారు వాన అవకాశాన్ని శాతాల్లో చెబుతారు. అలా చెప్పిన అంచనా ఎంత సరైనదో కొలిచే సూత్రాన్ని గ్లెన్ బ్రయర్ 1950లోనే ఇచ్చారు. 70 శాతం అన్న రోజులన్నీ పోగేసి, వాటిలో నిజంగా 70 శాతం రోజులు వాన పడిందా అని చూస్తారు. మనం ఆ పని చేయం. 2013లో అమెరికాలో 118 మంది వైద్యులకు నాలుగు కేసులిచ్చి పరీక్షించారు. తేలిక కేసుల్లో సుమారు 55 శాతం, కష్టమైన వాటిలో 6 శాతం లోపు సరైన నిర్ధారణలు వచ్చాయి. వాళ్ల నమ్మకం మాత్రం పదికి 7.2 నుంచి 6.4కు, అంతే తగ్గింది. కేసు తమ చేయి దాటుతోందన్న సంగతి వాళ్లకు లోపల నుంచి అందలేదు. మీ పుస్తకంలో 'పదికి ఎనిమిది' అని రాసినవి ఒక ముప్పై పోగయ్యాక లెక్కపెట్టండి. ఇరవై నాలుగు దాకా నిజమైతే మీ ఎనిమిదిని నమ్మవచ్చు. పదిహేనే నిజమైతే, ఇకపై మీకు ఎనిమిది అనిపించినప్పుడు అది అయిదని తెలుసుకుని ఇంకో పరీక్షకు పంపుతారు. ఈ లెక్క మీ గురించి మీకు చెప్పే విషయం ఏ ప్రొఫెసరూ చెప్పలేరు.

ఇంతవరకూ చెప్పింది బయటపడిన తప్పు గురించి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బయటపడని తప్పు. వానాకాలంలో మన దగ్గరకు వచ్చే జ్వరాల్లో చాలా భాగం వైరల్. వారం తిరిగేసరికి వాటంతటవే తగ్గుతాయి. వైడాల్ చూసి యాంటిబయాటిక్ ఇచ్చిన వైద్యుడికి ఐదో రోజు జ్వరం దిగిపోతుంది. 'టైఫాయిడ్ తగ్గించాను' అని ఆయన మనసులో ఒక గెలుపు నమోదవుతుంది. రోగి కూడా దండం పెట్టి వెళతాడు. అలా వంద గెలుపులు పోగయ్యాక అదే అనుభవం అనిపించుకుంటుంది. నూట ఒకటో మనిషి స్క్రబ్ టైఫస్‌తో వచ్చినప్పుడు ఆ అనుభవమే ఆయన కళ్లు మూస్తుంది. తగ్గినవాడు మన వల్లే తగ్గాడని, తిరిగి రానివాడికి తగ్గిపోయిందని అనుకోవడం మన వృత్తిలో చాలా సులువు. తగ్గనివాడు మన దగ్గరకు రాడు, పట్నంలో మరో ఆసుపత్రికి వెళతాడు. మీకు ఈ కేసు సంగతి తెలియడమే ఒక అదృష్టం. పెద్దాసుపత్రి నుంచి ఆ కబురు రాకపోయి ఉంటే, 'టైఫాయిడ్, ఊపిరితిత్తులకు పాకింది, పంపించాం' అని మీ మనసులో ఆ కేసు మూసుకుపోయేది.

డేనియల్ కానమన్, గేరీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు నిపుణుల సహజజ్ఞానం విషయంలో పూర్తిగా ఎదురెదురు అభిప్రాయాలు ఉన్నవారు. 2009లో ఇద్దరూ కలిసి ఒక వ్యాసం రాసి, ఒక చోట ఏకీభవించారు. చేసే పనిలో ఒక క్రమం ఉండాలి, చేసిన దాని ఫలితం త్వరగా, స్పష్టంగా తిరిగి తెలియాలి. ఈ రెండూ ఉంటేనే అనుభవం నైపుణ్యంగా మారుతుంది. మత్తు డాక్టరుకు తన నిర్ణయం ఫలితం నిమిషాల్లో మానిటర్ మీద కనిపిస్తుంది. మనకు కనిపించదు. కాబట్టి మనమే వెళ్లి తెచ్చుకోవాలి.

అలా తెచ్చుకోవడానికి బతుకంతా పెట్టిన మనిషి బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్మన్. ప్రతి రోగినీ ఏడాది తర్వాత మళ్లీ పిలిచి చూడాలి, వైద్యం ఫలించిందా లేదా, ఫలించకపోతే ఎందుకు అని రాయాలి, దాన్ని బయటపెట్టాలి అన్నారాయన. పెద్ద ఆసుపత్రులు ఒప్పుకోకపోతే బయటకు వచ్చి సొంతంగా చిన్న ఆసుపత్రి నడిపారు. 1911 నుంచి 1916 వరకు అక్కడ నుంచి డిశ్చార్జి అయిన 337 మంది రోగుల వివరాలతో పాటు 123 పొరపాట్లను అచ్చువేసి పంచారు. జ్ఞానం లేక జరిగినదేది, వివేకం లేక జరిగినదేది, నిర్ధారణ తప్పినదేది అని వేరుచేశారు. ఆ రోజుల్లో తోటి వైద్యులు ఆయన్ని దూరం పెట్టారు. నేడు వైద్య నాణ్యత గురించి మాట్లాడేవారంతా ఆయన దగ్గర నుంచే మొదలుపెడతారు. ఈ పేరు మన వైద్య విద్యార్థులకు ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మీరు అంత పని చేయనక్కర్లేదు. వారానికోసారి, మీరు డిశ్చార్జి చేసిన వారిలో ప్రతి పదో మనిషికి ఫోను చేయించండి. బాగున్నవారినీ కలుపుకోవాలి, అనుమానం ఉన్నవారిని మాత్రమే ఎంచుకోకండి. తప్పు జరిగిందని తెలిసిన కేసులనే తిరగేస్తే, బయటపడే రకం తప్పులనే నేర్చుకుంటారు. రెఫర్ చేసిన ప్రతి రోగి విషయంలో చివరి నిర్ధారణ ఏమిటో కనుక్కోండి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఈ విషయంలో మనకున్న పెద్ద బలం. ఏ ఇంట్లో జ్వరం తగ్గలేదో వాళ్లకు మనకన్నా ముందు తెలుస్తుంది.

పాఠం రాసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. 'ఇకపై ఇంకా శ్రద్ధగా ఉంటాను' అని రాయకండి. అది ప్రమాణం, పాఠం కాదు. రాత్రి రెండింటికి, నలభయ్యో రోగి ముందు, ఆ ప్రమాణం మీకు గుర్తు రాదు. పాఠం ఒక కనిపించే గుర్తుకు ముడిపడి ఉండాలి. వేరే చోట వేసిన నిర్ధారణతో రోగి వస్తే, చీటీ తెరవకముందే నా మాటల్లో రోగ చరిత్ర రాస్తాను. జ్వరం ఐదు రోజులు దాటితే, స్త్రీ అయినా పురుషుడైనా, నర్సును తోడు పెట్టుకుని చంకలు, గజ్జలు, రొమ్ము కింద, నడుము దగ్గర బట్ట కట్టే చోటు చూస్తాను. ఆ పక్కు నొప్పి పెట్టదు, దురద పెట్టదు. రోగికే తెలియదు కాబట్టి అడిగితే చెప్పరు. మన వార్డుల్లో ఆడవాళ్లను పైపైన చూసి వదిలేయడం మర్యాదగా చలామణి అవుతోంది. ఈ కేసులో ఆ మర్యాదకు కూడా వాటా ఉందేమో, మీకు మీరే అడిగి చూసుకోండి.

ఇప్పుడు మీకున్న అసలు ప్రమాదం మరొకటి. రాబోయే కొన్ని నెలలు మీకు ప్రతి జ్వరమూ స్క్రబ్ టైఫస్‌లాగే కనిపిస్తుంది. అందరికీ డాక్సీసైక్లిన్ ఇవ్వాలనిపిస్తుంది. ఆ ఊపులో డెంగీనో, మలేరియానో, క్షయనో వదిలేస్తారు. ఒక కేసు గట్టిగా తగిలితే అది లోకంలో ఎంత తరచుగా ఉందో అన్న అంచనా కూడా మారిపోతుంది. ఇలాంటప్పుడు మీ ఆసుపత్రి రిజిస్టరు తీసి, కిందటి ఏడాది ఇదే నెలలో చేరిన జ్వరాల్లో పరీక్షతో తేలినవి ఏవి ఎన్నో చూడండి. మొదటి అంచనా అక్కడి నుంచి మొదలవ్వాలి, మీ గాయం నుంచి కాదు.

చేయి ఆడకపోవడం గురించి కూడా అడిగారు. అనుమానం అన్ని చోట్లా సమానంగా పరుచుకుంటే చేయి ఆడదు. పుస్తకంలో షరతు, గడువు రాసిపెడితే దానికి ఒక స్థలం, ఒక సమయం దొరుకుతాయి. మధ్యలో మీరు నిశ్చింతగా వైద్యం చేయవచ్చు. తోటివారితో కేసులు చర్చించేటప్పుడు ముగింపు చెప్పకండి. మొదటి రోజు వివరాలు చెప్పి ఆపండి, అందరినీ అంచనా రాయమనండి. తర్వాత మూడో రోజు వివరాలు చెప్పి, మళ్లీ రాయమనండి. అప్పుడు 'ఎవరైనా అలాగే అనుకునేవారు' అన్న మాట నిజమో కాదో కాగితం మీదే తేలుతుంది. సీనియర్లు కూడా రాయాలి, లేకపోతే అది చిన్నవాళ్లకు పెట్టే పరీక్షగా మారిపోతుంది. ఆసుపత్రి కేస్ షీట్‌లో మాత్రం ఫలితం తెలిశాక ఒక్క అక్షరం కూడా దిద్దకండి, ఎవరు అడిగినా సరే.

ఈ వారంలోనే ఆ పెద్దాసుపత్రి యూనిట్‌కు ఫోను చేయండి. పక్కును ఎవరు చూశారు, ఏ పూట చూశారు, దాన్ని వెతకాలని ముందే అనుకుని చూశారా, లేక పరుపు మార్చేటప్పుడు నర్సు కంటపడిందా అని అడగండి. వెతికి చూసి ఉంటే, ఏది చూసి వెతకాలనిపించిందో అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి.